నీళ్ళు తాగిన బంతి

గుణుపురం తహసీలు ఆఫీసులో
గుమస్తా కుర్చీ మీద తువ్వాలుంది, గుమస్తా లేడు.
"మేచ్‌కెళ్ళాడమ్మా, కాశీనగరంతో" అన్నాడు టీ కుర్రాడు,
గ్రహణం పట్టిందన్నంత మామూలుగా.

అమ్మమ్మ వాటా ముప్పై సెంట్ల కాగితం సంచిలో పెట్టుకుని
గోడ నీడన నిలబడ్డాను.
అప్పుడు వినిపించింది
దిండుని వేలితో కొట్టినట్టు ఓ మెత్తని దెబ్బ,
వెంటనే తంత్రుల సన్నని గింగురు.
ఇరవై ఎనిమిదేళ్ళుగా వినలేదా చప్పుడు.
వినకూడదనే అనుకున్నాను.

హైస్కూలు వెనక మైదానం, సున్నం గీతలు.
నెట్టుకి అటు గుణుపురం గుంటలు, ఎర్ర జెర్సీలు.
ఇటు మావాళ్ళు,
ఎప్పట్లాగే ఒకరి రంగు ఒకరికి కలవదు.
అంపైరు లెక్క ఒడియాలో చెబుతున్నాడు.
తిట్లు మాత్రం రెండువైపులా తెలుగే.

మా కాలంలో అయిదుగురికి నాలుగు బేట్లు,
అయిదోది కూర్మయ్య మేస్టారిది, అడిగి తెచ్చుకోవాలి.
బంతికి ఉన్ని నేనే చుట్టేదాన్ని,
అమ్మ పాత స్వెట్టరు చేతులు విప్పి
పసుపు నీళ్ళలో ముంచి.
ఆట అయ్యేసరికి
ఆడిన పదిమందివీ పెళ్ళికూతుళ్ళ అరచేతులు.

ఒక డిసెంబరులో చిన్న రైలెక్కి ఇక్కడికొచ్చాం,
దిగి ఒంటేలుకెళ్ళి మళ్ళీ ఎక్కగలిగే రైలు.
మూడో గేము.
"అఠేయిశ్" అన్నాడు అంపైరు, వాళ్ళకి.
ఇంకొక్క పాయింటు.
బంతి నా భుజం మీంచి వచ్చింది.
బయటికి పోతుందని వదిలేశాను.
గీత మీద సున్నం లేచింది.

తిరుగు రైల్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.
అన్నా బాగుండేది.
ఆ బంతిని వదిలేశాను కదా,
ఆ వారమే బేటునీ వదిలేశాను.

ఇప్పుడు గేము ముప్పై ఐదుకట.
బేట్లకి కొయ్య లేదు, ఏదో నల్లని తేలిక.
పొద్దున్న చినుకులు పడ్డాయి కాబోలు,
గడ్డిలోంచి దొర్లి ఒక బంతి
నా చెప్పు దగ్గర ఆగింది.

వంగి తీశాను.
అంగన్‌వాడీలో రోజూ గుడ్లు పంచే చెయ్యి,
మురిగినదేదో పట్టుకోగానే చెబుతుంది.
"ఈ బంతి నీళ్ళు తాగింది, మార్చండి!"
ఎవరు అరిచారా అని
నేనే వెనక్కి తిరిగి చూశాను.

అంపైరు పిండాడు. రెండు చుక్కలు రాలాయి.
"ఎవుర్తే ఈవిడ?" అంది ఓ ఎర్ర జెర్సీ.
తడిబంతిని ఎవరూ అడగలేదు.
సంచిలో వేసుకున్నాను.

పక్క బల్ల మీద ఒకావిడ కిసుక్కున నవ్వింది.
ఒళ్ళో ములక్కాడల కట్ట, దాని మీద ఎడంచెయ్యి.
ఆ చెయ్యిని మరిచిపోతానా.
"సుభద్రవి కదూ? ఆ రోజు చివరి బంతి కొట్టింది నువ్వే."
"ఏ రోజు?"
చెప్పాను. డిసెంబరు, చిన్న రైలు, లేచిన సున్నం.
చాలాసేపు ఆలోచించింది.
"మీరు తెచ్చిన చింతకాయ పచ్చడి గురుతుందమ్మా.
మీ మేస్టారు నెట్టు తాడుకి తగిలి పడిపోడం గురుతుంది.
మేచ్ మాత్రం... మేమే గెలిసామేటి?"

ఇరవై ఎనిమిదేళ్ళు
ఆ గీతకి నేనొక్కదాన్నే కాపలా కాశాను.

నవ్వొచ్చింది.
నోరు తెరిస్తే వచ్చింది నవ్వు కాదు:
"వదలకే గుంటా! లోపలే పడతాది! ఎయ్యి దెబ్బ!"
వెనక వరసలో మా పిల్ల,
పేరు తెలీదు, మోకాలికి గుడ్డ కట్టుకుంది,
వదల్లేదు.
కొట్టింది నెట్టుకి తగిలింది, సరే.
కానీ వదల్లేదు.

ఓడిపోయాం. చివరి బస్సూ పోయింది.
రాత్రి సుభద్ర ఇంట్లో ములక్కాడల పులుసు.

మర్నాడు గుమస్తా కాగితం మడత విప్పాడు.
ముప్పై సెంట్ల కింద తడి మరక,
దాని మీద పసుపు నూగు.
"ఊదకండి బాబూ" అన్నాను.
అప్పటికే ఊదేశాడు.
పోనీలే.
సంచిలో బంతి ఇంకా ఆరలేదు.