దుబాసీ

గ్రిమ్స్‌బీలో తెల్లవారుజామున నాలుగున్నర.
కింద వేలం షెడ్డులో ఐసు పోస్తున్న చప్పుడు.
పైన నా ముందు చల్లారిన టీ,
తెర మీద పదిహేడు సెకన్లుగా తిరుగుతున్న చక్రం.

మెట్ల కింద నించి మారీన్ కేక:
"నీ కంప్యూటర్ లేచేలోపు నా కాడ్ కుళ్ళేట్టుంది, తల్లీ!"

లాగ్ తెరిచి చూశాను.
నేనడిగింది ఒక్కటే, ఇవాళొచ్చిన పడవలు.
దుబాసీ వెళ్ళి జాబితా తెచ్చాడు.
మళ్ళీ వెళ్ళాడు, మొదటి పడవ పెట్టెల కోసం.
మళ్ళీ వెళ్ళాడు, రెండో పడవ పెట్టెల కోసం.
పొయ్యి మీద నూనె కాగుతుంటే
ఆవాలకోసారి, జీలకర్రకోసారి, ఎండుమిరపకాయకోసారి
అంగడికి పరిగెత్తేవాడిలా
రెండువందల పద్నాలుగు సార్లు.

తప్పు వాడిది కాదు.
అడిగితేనే తెమ్మని నేర్పింది నేనే.
ఆ సోమరితనానికి మా వృత్తిలో మంచి పేరే ఉంది.

ఒక్క ముక్క రాశాను:
వచ్చేటప్పుడు పెట్టెల్నీ వెంట తీసుకురా.
చక్రం ఆగింది. మారీన్ ఆగలేదు.

అటువైపు పట్టికల దేశం.
అక్కడ ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు,
ఒకరి నంబరు ఒకరు జేబులో పెట్టుకు తిరుగుతారు.
ఇటువైపు నా వస్తువులు:
పడవలో పెట్టె, పెట్టెలో చేప,
సమాసంలా అతుక్కుని.
విగ్రహవాక్యం చెప్పి అటు పంపడం,
సమాసం కట్టి ఇటు తేవడం
వాడి బతుకు.

నేను చేరేనాటికి అంతా చేత్తోనే.
నెవిల్ స్టోక్‌డేల్ రాసిన ఎస్‌క్యూఎల్ చేంతాళ్ళు,
కొటేషన్ గుర్తుల మధ్య ఊపిరాడక.
తర్వాత ఎక్స్ఎంఎల్ వచ్చింది,
ప్రతి పడవకీ ఒక జాతకం, చుట్టూ ముళ్ళకంచె.
ఆ తర్వాత, క్లాసు నుదుటినే ఒక బొట్టు పెడితే చాలన్నారు.
పెట్టాం. బొట్టు మీద బొట్టు.
ఇప్పుడు ముఖం వెతుక్కోవాలి.

ఇద్దరు కొనుగోలుదార్లు ఒకే పెట్టె మీద చెయ్యేస్తే
వాడు తాళం వెయ్యడు. ఇద్దర్నీ నమ్ముతాడు.
చివర్న వెర్షన్ నంబరు చూసి
"మీరు చదివింది పాతబడింది, మళ్ళీ చదవండి" అంటాడు,
గొంతు పెంచకుండా.
ఇంట్లో నాకిది ఎప్పుడూ చేతకాలేదు.

రాత్రి, మిగిలిన ఆఖరి జాతకాన్ని మారుస్తున్నాను.
నెవిల్ అన్నిచోట్లా ఒకటే రాశాడు:
పడవను తీసేస్తే దానికింద ఉన్నవన్నీ తీసెయ్.
సిబ్బంది దగ్గర మాత్రం ఖాళీ.
పక్కన ఒక వ్యాఖ్య: ఇక్కడ వద్దు. ఎన్.

మరిచాడనుకున్నాను. నింపాను.
నకలు మీద పాత పడవనొకదాన్ని తీసేసి చూశాను.
పెట్టెలు పోయాయి. వలలు పోయాయి.
తర్వాత పదకొండు పేర్లు, ఒకటొకటిగా, బుద్ధిగా.
అనాథల తొలగింపు అంటారు దాన్ని, అది ఒక సదుపాయం.
పరీక్ష పచ్చగా వెలిగింది.

తొమ్మిదో పేరు: స్టోక్‌డేల్, టి. డెక్ మీద పని.
బయల్దేరిన తేదీ ఉంది.
తిరిగొచ్చిన తేదీ గడిలో నల్.
నల్ అంటే సున్నా కాదని
ప్రతి కొత్త కుర్రాడికీ మొదటివారం చెబుతాను.
లేదు అని కూడా కాదు,
తెలియదు అని.

రోల్‌బ్యాక్ అన్నాను.
పదకొండుగురూ వచ్చి
ఎవరి వరసలో వాళ్ళు నిలబడ్డారు.
అంత తేలిగ్గా.

కొత్త ఫైల్లో ఆ గడి ఖాళీగానే ఉంచాను.
వ్యాఖ్యని కూడా తెచ్చుకున్నాను, చివరి పొడి అక్షరంతో సహా.
రివ్యూ చేసే కుర్రాడు అడుగుతాడు, ఎన్ ఎవరని.

కింద హాడక్ ధర పాడుతున్నారు.
టీ మళ్ళీ పెట్టుకోవాలి.