కానీ

మిల్లు మూతబడ్డంక
గోదామును మూడు ముక్కలు జేసి అమ్మిండ్రు.
నడిమి ముక్క నాది.
ఇరవై రెండేండ్ల కండక్టరు జీతం, ఒక చిట్టి, ఒక లోను.
గోడలు లేశినయి, కిటికీలు పెట్టిచ్చిన.
కింద మాత్రం అదే పాత కాంక్రీటు,
ఊక వాసన పట్టిన నేల.

"టైల్స్ ఏపిచ్చరాదు వదినా,
అద్దం లెక్కుంటది" అన్నది ఆడిబిడ్డ శశిరేఖ.
అద్దాలు నాకొద్దు.
నిలబడి నిలబడి బతికిన కాళ్లు నావి,
కింద ఏమున్నదో వాటికి తెల్వాలె.

జహంగీరు వచ్చిండు దామరచర్ల నుంచి,
మూడు రాళ్ల మిషను ఆటోల ఏస్కొని.
మోకాళ్ల మీద వంగి
చెంచాతోని తట్టుకుంట ఇల్లంత తిరిగిండు,
పుచ్చకాయ బేరం చేసినట్టు.
"మంచిగ పోశిండ్రక్కా, బోలు లేదు.
ముందుగాల నలబై నంబరు రాయి, ఎనబై, నూట ఇరవై,
గట్లనే నాలుగు వందల దాంక.
మీది పాలు లేశిపోతది,
లోపలి కంకర కండ్లు తెరుస్తది."

ఒక్క తాన ఆగిండు. అరచెయ్యితోని రాశి చూశిండు.
"ఈడ ఎవరో ముందే పాలిషు చేశిండ్రు."

తలుపు కాడికెల్లి కాంటా గద్దె దాంక
మూరెడు వెడల్పు బాట,
నల్లగ, నున్నగ, తడి లేకున్నా తడిసినట్టు.
ఏ మిషనూ కాదు.
డెబ్బై ఐదు కిలోల బస్తా మెడ మీద,
ఉత్త కాళ్ల హమాలీలు,
వానకాలం, యాసంగి, మళ్ల వానకాలం.
నాకెరికే ఈ మెరుపు.
బస్సుల ముందటి మెట్ల కాడ
రేకు మీద నా చెప్పులు తీసిన మెరుపు గిట్లనే ఉంటది.
దానికి నంబరుండది.

కాంటా కాళ్ల నాలుగు గుంతల పక్కన
పచ్చి సిమెంటు మీద ఎన్నడో, ఎవరో, పుల్లతోని రాశిండ్రు:
బాకీ 40.
ఎవరు ఎవరికో లేదు.
రూపాయలో బస్తాలో, అదీ లేదు.
టికెటు ఎనక నేను రోజు రాసేది ఇదే మాట.
రాయించుకున్నోళ్లల్ల సగం మంది
అడగకుంటనే దిగిపోతరు.

తెల్లారి నేను డ్యూటీల ఉన్న.
నిడమనూరు దాటినంక,
బస్సుల తొంబై మంది, బడిపిల్లలు, ఒక కోళ్ల గంప,
జహంగీరు ఫోను.
"అక్కా, అచ్చరాలు లోతున్నయి,
నలబై రాయి పెడితె పోతయి.
పెట్టాల్నా?"
నేను అననీకి మొదలుపెట్టిన మాట గిది:
"కానీ..."
దాని ఎనక శానా ఉండె.
ఆ చుట్టుముట్టు వదిలెయ్యమని,
లేకుంటె నేనొచ్చేదాంక ఆగుమని
ఉండె.
డ్రైవరు బిరేకేశిండు, ఎవరో నా మీద వడ్డరు,
సిగ్నలు పోయింది.

అతనికి ఒక్క మాటే చేరింది.
అతను కానిచ్చిండు.

పొద్దుగూకి వచ్చేవరకు
బకీట్ల నిండ బూడిద రంగు అంబలి.
ఏ బకీట్లనో ఉంటది ఆ బాకీ.
నలబై రాయి నలబైని తిన్నది.
తప్పు ఎవలది?
ఒక్క మాటకు రెండు మొఖాలు పెట్టినోడు దొరికితె అడుగుదు.

నేల మంచిగొచ్చింది, అబద్ధమెందుకు.
వాగు గులకరాళ్లు, నల్ల కంకర, ఎర్రటివి రెండు మూడు,
ఒక మూలకు పచ్చ గాజుపెంకు,
ఇన్నేండ్లు సిమెంటు కింద పండుకొని అప్పుడే లేశినట్టు.
ట్యూబులైటు దాంట్ల పొడుగ్గ సాగుతది.

గని ఆ మూరెడు బాట
నాలుగు వందల రాయి పెట్టినా
మిగతా నేలల కలువలేదు.
"ఎంత తిప్పినా గిదే అక్కా,
రంగేస్తె కలుస్తది" అన్నడు,
తన పనిల లోపమున్నట్టు తల గోక్కుంట.
ఈసారి తొందరగ, పూర్తిగ చెప్పిన:
"వద్దు."

మూడున్నరకు లేశిన, ఫస్టు సర్వీసు.
లైటెయ్యలేదు.
సంచి, నీళ్ల సీస, టిఫిను డబ్బ,
చెప్పులు చేతుల పట్టుకొని
తలుపు కాడికి పోయినంక తెలిసింది,
అరికాళ్ల కింద సల్లదనం వేరే ఉన్నది.
నడువనీకి ఇల్లంత ఖాళీగనే ఉండె.
కాళ్లు ఆ బాటనే పట్టినయి.