జానెడు

పోర్ట్‌బో వైపు పట్టాలు
సెర్బేర్ వైపు పట్టాలకన్నా ఎడం.
ఎంత ఎడమని ఇంజనీరుని అడిగితే
కాగితాలు విప్పేవాడు.
మా తెక్లా అత్త మాత్రం
మూడు పట్టాలు కలిసి నడిచే చోట వంగి
ఒకదాని మీద బొటనవేలు ఆన్చి
పక్కదాని మీదికి చిటికెనవేలు చాచేది.
"ఇదుగో, ఇంతే. జానెడు."

జానెడు పొట్టకి జానెడు తేడా.
అందులోనే బతికాం.

వాలెన్సియా నుంచి వచ్చిన బండి
సొరంగం దాటి ఆగిపోయేది,
గుమ్మంలో పట్టని మంచంలా.
అవతలి లైన్లో పారిస్ బండి
ఖాళీ కడుపుతో.
నడుమ ఒక చెక్కపలక.
దానిమీద మేం,
తలమీద చుట్టకుదురు,
గంప నిండా నారింజలు.
కాలు జారితే పండు పగిలేది,
పండు పగిలితే కూలి తెగేది.

జనవరిలో ట్రమొంటానా గాలి
తలగుడ్డలు ఊడబీకేది.
అరచేతి పగుళ్ళలోకి పులుపు దిగేది.
ఇంటికెళ్ళి పాలిస్తే
తొక్క వాసనకి మా పిల్లాడు మొహం తిప్పుకునేవాడు.

ఎవరు పెట్టారీ కొలత?
పెద్ద బాయిలరు పడుతుందని ఒకరన్నారు,
శత్రువు బండెక్కి రాకుండా అని ఇంకొకరు.
ఏదైతేనేం,
కాదిజ్ నుంచి మా కొండ దాకా
ఇరుసు ఎక్కడా తడబడదు.
అటు లీల్ దాకా వాళ్ళదీ అంతే.
కొలత ఒకటైతేనే దేశం ఒకటట.
రెండు దేశాలు కోసుకోగా మిగిలిన ముక్క
మాది.

కూలి పెంచమని ఒక ఏడు
పట్టాల మీద పడుకున్నాం.
ఫ్రెంచి పట్టాల మధ్య తెక్లా అత్త కాళ్ళు పట్టలేదు.
లేచి, దుమ్ము దులుపుకుని,
స్పెయిన్ లైనుకి నడిచింది.
"ఇవే నయమే, నా పొడుగుకి కుట్టించినట్టున్నాయి."
పోలీసులు కూడా నవ్వారు.
తర్వాత ఈడ్చారనుకోండి.

ఇప్పుడు షెడ్డు కట్టారు.
పెట్టెని పెట్టెలాగే ఎత్తి పట్టి
కిందనున్న ఇరుసు లాగేసి
ఇరుకుది తోస్తారు.
దేశం మారిన సంగతి
లోపలి పండ్లకి తెలియనే తెలియదు.

మొదటిరోజు చూడ్డానికి వెళ్ళాం,
ఎందుకో గంపలతోనే.
"గీత అవతల నిలబడండమ్మా" అన్నాడు
మీసాలింకా సరిగ్గా రాని మేస్త్రీ.

అత్త పోయి నాలుగేళ్ళు.
నిన్న మళ్ళీ ఆ మూడు పట్టాల దగ్గర వంగాను.
బొటనవేలు ఆనింది.
చిటికెనవేలు వంకరపోయి
చాలలేదు,
రెండంగుళాలు తక్కువ.