మూడో వంతు నీళ్లు

ఊరెళ్తూ దులమ్‌సురేన్
తాళంచెవితో పాటు ఒక కాగితం ఇచ్చింది.
ఆదివారం మూడో వంతు నీళ్లే మార్చు.
అన్నీ మార్చావో, నీ చేత్తో నువ్వే చంపినట్టు.
వాటికి పాత నీళ్లు కావాలి.
మేత చిటికెడు. నీ చిటికె కాదు, నాది.

ఆమెవి సన్నటి వేళ్లు.
ముప్పై ఏళ్లు ట్రాలీబస్సు నడిపిన చేతికి
అంత సన్నటి వేళ్లు ఎలా మిగిలాయో!

ఉలాన్‌బాతర్‌లో, తొమ్మిదో అంతస్తులో,
కిటికీ అద్దం మంచు ఈకలు తొడుక్కునే నెలలో
ఇంటికంతటికీ అదొక్కటే పచ్చదనం.
పధ్నాలుగు నియాన్ టెట్రాలు,
ఒక ముసలి గౌరామి.
దాన్ని మాత్రం ‘డిపో మేనేజర్’ అంటుంది.
మిగతావాటికి పేర్లు లేవు, లెక్క ఉంది.

మా నాన్న గొర్రెల కాపరి.
చేపని తిననూ లేదు, ముట్టనూ లేదు.
‘రెప్ప వాల్చకుండా కాపలా కాసేదాన్ని
ఎలా కోస్తామురా’ అనేవాడు.
లెక్కపెట్టడం నాకు మందలోనే వచ్చింది.
గొర్రె కాసేపైనా నిలబడుతుంది.
ఇవేమో
పదకొండు, పదహారు, మళ్లీ పన్నెండు.

అద్దం దగ్గరికి వెళ్తే చాలు, నోళ్లు తెరిచేవి.
గడపలో అతిథి నోరు తెరిస్తే
ఊరుకునే వంశం కాదు మాది.
రెండు చిటికెలు వేశాను. మర్నాడు మూడు.
నాలుగోనాటికి నీళ్లు
పాలు తక్కువైన ఉప్పు టీలా మసకబారాయి.
గొట్టం నోట పెట్టి పీల్చాను.
అడుగున కుళ్లిన నా మర్యాదంతా
నాలుకకి తగిలింది.

తర్వాత ఒక రాత్రి, మైనస్ ముప్పై నాలుగు.
నిద్ర లేపింది చప్పుడు కాదు,
చప్పుడు ఆగిపోవడం.
బుడగలు లేవు. వీధిలో ఒక్క దీపం లేదు.
గోడ గొట్టం మీద చెయ్యి వేస్తే
చచ్చిన గుర్రం మెడలా చల్లబడుతోంది.

ఎనిమిదో అంతస్తు తలుపు కొట్టాను.
ఏడో అంతస్తుదీ కొట్టాను.
‘చేపలకా?’ అన్నాడు ఒకాయన కొవ్వొత్తి ఎత్తి,
నా మొహంలో తాగుడు వెతికి,
లోపలికెళ్లి ఫ్లాస్కు తెచ్చాడు.
‘ఇది టీ కాదు, ఉత్త నీళ్లే. మూత బిగించి ఇవ్వు.’
ఐదు ఇళ్ల వేడి నీళ్లు
సీసాల్లో పోసి తొట్టిలో తేలేశాను.
నాన్న పంపిన ఉన్ని కంబళి తొట్టి చుట్టూ కప్పి
తాడుతో బిగించాను.
గుడారం కట్టే అలవాటు చేతులది,
దక్షిణాన తలుపంత సందు వాటంతట అవే వదిలాయి.

ఆ సందులోంచి టార్చి వేసి
గరిటెతో నీళ్లు ఎత్తి పోశాను.
అమ్మ టీ కాచేటప్పుడు చేసినట్టే,
ఎత్తడం, పొయ్యడం, ఎత్తడం,
గాలి కలిసేదాకా. భుజం మొద్దుబారేదాకా.
మేనేజర్ గారు పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి
ఏమీ పట్టనట్టు కిందికి పోయారు.

తెల్లారి కరెంటు వచ్చింది. పదమూడు.
మళ్లీ పదమూడు.
ఫిల్టరు వెనక దొరికింది.
ఎరుపంతా వదిలేసి, నానిన బియ్యపుగింజలా.

నారన్‌తూల్ బజారులో కొత్తది కొన్నాను.
సంచీ కోటు లోపల, గుండెకి ఆనించి,
బస్సులో ఎవరూ నెట్టకుండా
ఎవరికో పుట్టిన బిడ్డని తెచ్చినట్టు తెచ్చాను.

దులమ్‌సురేన్ వచ్చింది, పేడ పొగ వాసనతో.
ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే
తొట్టి ముందు కూర్చుంది.
‘పధ్నాలుగు’ అన్నాను అడక్కముందే.
ఆమె లెక్కపెట్టలేదు. చూసింది.
‘ఆ మూలది నన్ను చూసి బెదిరింది.’

అంతే. తిట్టలేదు.
సంచిలోంచి ఎండుపెరుగు ముక్క తీసి
నా చేతిలో పెట్టింది.
‘లైటు ఆపు. కొత్తది కదా,
చీకట్లో అయితే త్వరగా కలుస్తుంది.’
ఆపాను.
రెండో బూటు విప్పుతున్న చప్పుడు.
తర్వాత చాలాసేపు బుడగలు.