మూడో ట్రాకు

మూడు లాంతర్ల దగ్గర నా షాపు.
గొడుగంత బోర్డు, గూడంత గది.
పెళ్ళి పందిట్లో గొంతు చిరిగిన మైకులు,
నీళ్ళు తాగిన రేడియోలు, ఆటోల్లో అరిచి అరిచి
నోరు పడిపోయిన స్పీకర్లు
నా బల్లమీదికొచ్చి మూలుగుతాయి.

ఏ పెట్టె బాగుచేసినా
పరీక్షకి ఒక్కటే పెడతాను.
నాలుగేళ్ళ కిందట ఎవరో ఇచ్చి, మళ్ళీ రాని ఫోన్లో
గోరంత కార్డు, అందులో పదకొండు.
పేర్లు లేవు, అంకెలే.
మూడోది తొమ్మిది నిమిషాలు. మాటల్లేవు.

మొదట బేస్ గిటారు
ఒక్కతే వస్తుంది, కరెంటు పోయిన ఇంట్లో
మెట్లు దిగేవాడిలా, ఒక్కో మెట్టూ కాలితో తడిమి.
కోన్ చిరిగుంటే ఇక్కడే తెలిసిపోతుంది.
తరవాత డ్రమ్ము. స్నేర్ దెబ్బ
వేడి మూకుట్లో ఆవగింజ,
వదులు స్క్రూ ఎక్కడున్నా పలికించి పట్టిస్తుంది.
ఆ పైన కీబోర్డు, తడి గాజు మీద వేలు జారినట్టు.
చివరికి ట్రంపెట్.
అది వచ్చాక నాకు పరీక్ష గుర్తుండదు.

సంగీత కళాశాల పిల్లాడు, భుజాన వయొలిన్ పెట్టె,
ఇయర్‌ఫోన్ వైరు అతకమని వచ్చి
తొడ మీద లెక్కపెట్టాడు.
"ఏడక్షరాలక్కా. మిశ్రచాపు."
మళ్ళీ విన్నాడు. "కాదు, ఎనిమిది.
ఒకటి ఎక్కడో దాచేస్తున్నాడు."
దాచినదాన్ని వెతుక్కుంటూ
వైరు నా బల్లమీదే వదిలేసి పోయాడు.

నాకు తాళం తెలీదు.
తెలిసింది ఓంలు, వాట్లు, కాలిన సీసం వాసన.
కానీ అక్కడికొచ్చేసరికి
ప్రతిసారీ నా పొట్టలో ఒక మెట్టు తక్కువవుతుంది.

మొన్న ఆషాఢంలో బెవర సన్నాసయ్య వచ్చాడు.
జూట్‌మిల్లులో ముప్ఫయ్యొక్కేళ్ళు మగ్గాల మధ్య తిరిగినవాడు.
గ్రాట్యుటీ ఇచ్చారు, చెవులు ఉంచేసుకున్నారు.
"రేడియో నాకు కాదమ్మా, కోడలికి.
నాకేటి ఇంపడతాది."

పక్కనున్న పెట్టెలో మూడోది నడుస్తోంది.
ఆయన అరచెయ్యి బల్లమీద ఉంది.
ముందు చెయ్యి ఉలిక్కిపడింది,
మనిషి తరవాత.

జాలీ మీద చెయ్యి వేశాడు,
పావురాన్ని పట్టుకున్నంత మెత్తగా.
"ఎవుడమ్మా ఇలగ తొక్కతన్నాడు?"
"బేసు, తాతా!"
"ఏసమా?"
"బే-సు!"
"ఏదోటిలే. ఊరుకో. ఇననీ."

ట్రంపెట్ ఆయనకి లేదు, కీబోర్డు లేదు.
నేను ఇష్టపడిందంతా ఆయన పక్కనుంచి గాలిలా పోతోంది.
అడుగున నడిచే ఆ మనిషొక్కడే
అరచేతిలోంచి మోచేతికి, అక్కడినుంచి దవడకి
ఎక్కుతున్నాడు.
నడుము ఊగింది కొంచెం,
అటు మగ్గానికీ ఇటు మగ్గానికీ సమాధానం చెప్పే నడుము.

దాచిన దెబ్బ వచ్చింది.
సన్నాసయ్య నవ్వాడు.
పళ్ళు నాలుగే, నాలుగూ కనబడ్డాయి.

"నాడె తప్పినాదనుకున్నాను.
మిల్లులో ఇలగే, గుండె జల్లుమంటాది,
దారం తెగిపోనాదని సెయ్యి ఏస్తాం.
తెగదు. మనతోటి ఆటాడతాది.
ఈడూ తప్పనేదమ్మా. తప్పినట్టు సేసినాడు."

ఆ పిల్లాడొస్తే ఇది చెప్పాలి.
ఎన్నో అక్షరమంటే మాత్రం చెప్పలేను.

ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్ల దగ్గర
కార్డు పాడైంది. ట్రంపెట్ ఎక్కుతూ ఎక్కుతూ
అక్కడే తెగిపోతుంది.
పైన ఏముందో నాలుగేళ్ళుగా నాకూ తెలీదు.
"ఆపీసినావేటి?"
"లేదు తాతా. అంతవరకే ఉంది."
చెయ్యి తీసి చూసుకున్నాడు,
గ్రీజు అంటిందేమో అన్నట్టు.

రేడియోకి రోగమేం లేదు.
సెల్లులు తిరగేసి పెట్టారు, అంతే.
డబ్బులొద్దన్నా పది రూపాయలు
బల్ల అద్దం కింద దోపాడు.
చెప్పులు తొడుక్కుంటూ, నావైపు చూడకుండా,
"మంగలారానికి మల్లీ సెడిపోద్దిది" అన్నాడు.