ఆరు ఇనవడ్డయి

కొండమల్లేపల్లి చౌరస్తల, చాయ్ హోటల్ టీవీల
ఎక్కడిదో పట్నం పొగలేస్తున్నది.
"నూటా నలభై చోట్ల కొట్టినం,
వాళ్ల నడుం ఇరిగింద"ని
భుజాల మీద చుక్కలున్నాయన చెప్తున్నడు.

"నువ్వు జెప్పు గట్టన్నా,
ముప్పై ఏండ్లు బావులల్ల మందువెట్టినోనివి"
అని ఎవరో నవ్విండ్రు.

ఓర్సు గట్టయ్య ఎడమ చేతికి మూడే వేళ్లు.
గ్లాసు ఆ మూడిట్లనే నిలవడ్డది.

"గుర్రంపోడు కాడ సారు బావిల పేలిస్తే
జల అలిగిపోయి
కిందిచెల్క ఈదమ్మ బావిల తేలింది.
పెద్దవూర కాడ ఒక్క దెబ్బకే ఎండింది,
మల్ల రాలే.
అబద్ధమెందుకు, రెండూ జూసిన."

చాయ్ మీద మీగడ కట్టింది.

"నా కాడ వత్తులు కత్తిరించే పోరడుండె, సైదులు.
రాత్రి కుక్క మొరిగితే నా గొంగట్ల దూరేటోడు.
పెద్దనాయిన కొడుకు అడివిల ఉన్నడని
వాళ్ల ఇల్లు పేల్చేసిన్రు.
ఇంట్ల ముసల్ది ఉండె.
పదొద్దులకు వాడు లేడు,
నా పెట్టెల నాలుగు డిటోనేటర్లు లేవు.
లెక్కల పుస్తకంల ఆ జాగ
ఇప్పటికీ ఖాళీనే."

టీవీల మల్ల అదే బొమ్మ:
కూలిన గోడ మీద ఒక పిలగాడు.
ఏడుస్తలేడు.
కెమెరా దిక్కే చూస్తున్నడు.

గట్టయ్య గ్లాసు కింద వెట్టిండు.

"ఏడు బెజ్జాలు కూరితే
ఒడ్డున బోర్ల పండి చప్పుళ్లు లెక్కవెడ్తం.
ఆరే ఇనవడ్డయనుకో,
తెల్లారిందాంక ఎవ్వల్ని దిగనియ్యం.
ఆయన పేలినయే లెక్కజెప్తున్నడు."

పైసలు బల్ల మీద వెట్టి
దేవరకొండ బస్సుకు ఉరికిండు.