గేటు కాడి జవాబులు

ఇందిరా పార్కు గేటు సగమే తెరిచి ఉంటది,
అప్పటికే నేను నాలుగు క్యాన్లు దించి
స్టూలు మీద తెల్లబట్ట పరుస్త.
కాకర, బూడిద గుమ్మడి, రాగంబలి, మెంతినీళ్లు.

గ్లాసు చేతికి రాకముందే అడుగుతరు.
"ఐలవ్వా, షుగరుకు అన్నం బందు చెయ్యాల్నా?"
బందు ఎందుకు సారూ, గంటె చిన్నది కొనుక్కో.
"జొన్నరొట్టె ఎన్నయినా తినొచ్చు గదా?"
ఎన్నయినా అన్నకాన్నే ఉన్నది రోగం.
"మరి నీ రాగంబలి?"
మంచిదే, కానీ పలచగ చేసి గటగట తాగితే
అది కూడా తొందరగనే నెత్తురుల కలుస్తదట,
డాక్టరమ్మ చెప్పింది.
గిరాకి పోతే పోనీ అని నేనూ చెప్తున్న.

దోమల్‌గూడ మేడం ఉప్పు మానేసిందంట,
గులాబీరంగు ఉప్పు తెప్పించుకున్నదంట.
ఉప్పు ఏ రంగు చీర కట్టినా ఉప్పే, అమ్మా.
ఆమె నవ్వలే.
ఫర్హానా బాజీ రోజాల ముచ్చట అడిగింది,
ఖజూరు ఒకటా, మూడా అని.
ఒక్కటితోని రోజా విప్పు, బాజీ,
గోలి ఏ యాళ్లకు మింగాల్నో మాత్రం
నన్ను అడగకు.

అశోక్‌నగర్ పోరడు ఒకడు
గ్రూప్స్‌కు నాలుగేండ్ల సంది చదువుతుండు.
"కడుపుల మంట, అవ్వా, ఏం తాగాలె?"
రాత్రి ఏం తిన్నవురా?
చాయ్.
పొద్దుగాల?
చాయ్, రెండు ఉస్మానియాలు.
గ్లాసు నిండ అంబలి పోసిన.
పైసలు అడగలే, వాడు ఇయ్యలే,
ఇద్దరం అటు దిక్కు చెట్లను చూసినం.

వామన్‌రావు సార్ మాత్రం ఏం అడగలే.
మూడు నెలల సంది దినాం వస్తుండు,
కాకర రసం కండ్లు మూసుకోని మింగుతడు.
ఆ దినం జేబుల చెయ్యి పెట్టి
గోలీల పట్టీ తీసి చూపెట్టిండు,
ఒక్క గుంత కూడా చిరగలే.
"నీ చెయ్యి చల్లగుండ, ఐలవ్వా,
ఇగ ఇవి అక్కర లేవు నాకు."

వంచిన క్యాను వంచినట్టే ఉన్నది.
మా కొంరయ్య యాదికొచ్చిండు.
రాంనగర్ చాపల మార్కెట్ల
మంచుగడ్డల డబ్బాలు మోసేటోడు.
ఎవడో ఆకు చెప్పిండు, ఇగ గోలి మానేసిండు.
ఆకు నూరింది నేనే.
వడగట్టింది నేనే.
"ఒళ్లు తేలికగ ఉన్నదే" అంటే సంబురపడ్డది నేనే.
బొటనవేలికి మొల గీసుకుపోయింది,
నొప్పి తెలువలే, మాకు అదే మంచిగనిపించింది.
గాంధీ దవఖానల ఎడమ పాదం ఇడిసి వచ్చినం.

చెప్పులు జతగనే అమ్ముతరు.
ఎడమ కాలివి మూడు,
అరగనియి,
మంచం కింద ఉన్నయి.

ఇదంత నేను సార్‌తోని చెప్పలే.
వెనుక బెంచీ మీద నవ్వుల క్లబ్బోళ్లు
చేతులు లేపి హహ్హా అంటున్నరు.
చెప్పులు మూడు, సార్, అన్న ఒక్కటే.
ఆయనకు ఏం సమజయిందో.
ఆయన ఇచ్చిన ఇరవై ఆయన చేతులనే పెట్టి
ఇయ్యాల రసం లేదు పొమ్మన్న.
క్యాను నిండ ఉన్నది.
ఆయన చూసిండు, నేనూ చూసిన.

రెండు దినాలు రాలే.
గిరాకి పోయిందనుకున్న.
మూడోనాడు వచ్చి గ్లాసు అందుకునేముందు
పట్టీ స్టూలు మీద పెట్టిండు.
మూడు గుంతలు ఖాళీ.
ఏం మాట్లాడలే ఆయన. సగం గ్లాసే పోసిన.

నిన్న బస్తీ దవఖానల
డాక్టరమ్మ నా పట్టా చూసుకుంట
"పొద్దున ఏం తింటవు?" అన్నది.
ఊరంత నన్ను అడుగుతది,
నన్ను ఈ మాట అడిగినోళ్లు లేరు.
జవాబు దొరకలే.

క్యాన్ల ఏది మిగిల్తే అది, అమ్మా.
కాకర మిగిల్తే కాకర.
ఏం మిగలని దినం
కడిగిన నీళ్లతోనే గోలి మింగుత.